రెండు నదుల నడుమ నేల



రాయచూరు కోట గోడలో నలభై అడుగులకు పైగా పొడవున్న రాతిబండ మీద తెలుగు శాసనం ఉంది. 1294లో గన్నయరెడ్డి ఆజ్ఞపై విఠలుడు ఈ కోట కట్టించాడని అది చెబుతుంది. ఓరుగల్లు ఏలిన కాకతీయులకు ఇంత దూరాన కోట దేనికి? అవతల దేవగిరి యాదవుల రాజ్యం ఉంది కనుక.

తరువాత కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న ఈ నేల కోసమే విజయనగర రాజులూ బహమనీ సుల్తానులూ తరతరాలు పోరాడారు. పంట పండే భూమి. దాని మీద శిస్తు వస్తుంది. శిస్తు ఉంటేనే సైన్యానికి జీతం. సైన్యం పెరిగితే మరింత శిస్తు కావాలి, అందుకు మరింత నేల కావాలి. ఆశకు భయం కూడా తోడు. విజయనగరం తుంగభద్ర ఒడ్డునే ఉంది. ఈ నేల శత్రువు చేతిలో పడితే, ఏరు దాటగానే రాజధాని!

1520లో కృష్ణదేవరాయలు ఇస్మాయిల్ ఆదిల్‌షాను ఓడించి రాయచూరు గెలిచాడు. 1565 యుద్ధంతో అది మళ్ళీ బీజాపూరు పాలైంది. ఆపై మొగలులు, నిజాములు. 1956లో కన్నడ రాష్ట్రంలో కలిసింది. ఏలికలు మారారు గానీ, తెలుగు కన్నడాలు రెండూ ఇక్కడి ఇళ్ళలో నిలిచాయి.

ఆ కోటకు వెళితే ఇంకొకటి చూడండి. అంత బండనూ బండి మీద పెట్టి దున్నపోతులు లాగుతున్న బొమ్మ గోడ మీద చెక్కి ఉంది. గెలిచినవారి పేర్లు శాసనానికెక్కాయి. బరువు మోసినవారు ఆ బొమ్మలో మిగిలారు.