ఏడాదికో ప్రెసిడెంట్, అరవై శాతం సిజేరియన్లు: ఫాగ్సీ ముందున్న అసలు పని

ఈ రోజు ఎపిసోడ్ ఒక కాగితంతో మొదలుపెడతాను. మా అక్క డిశ్చార్జ్ సమ్మరీ. 2019, హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్, మొదటి కాన్పు. తొమ్మిది నెలలూ రిపోర్టులన్నీ నార్మల్. పొద్దున నొప్పులొచ్చాయి, మధ్యాహ్నానికి "ఆపరేషన్ చేసేద్దాం" అన్నారు. బాబు బాగున్నాడు, అక్క బాగుంది. కానీ ఎందుకు చేశారు అన్నదానికి ఇందులో ఒకటే ముక్క ఉంది: "నాన్ ప్రోగ్రెస్ ఆఫ్ లేబర్". ఎన్ని గంటలు చూశారు? రాయలేదు. మేమూ అడగలేదు.

2023లో రెండో కాన్పు. మొదటిది ఆపరేషన్ కదా, ఇదీ ఆపరేషనే అన్నారు. ఈసారి అమ్మే పంతులుగారికి ఫోన్ చేసి ముహూర్తం పెట్టించింది. అందుకే ముందే చెప్తున్నా, తప్పంతా డాక్టర్ల మీద తోసేయడానికి ఈ వీడియో చేయట్లేదు.

ఇప్పుడు అంకెలు చూద్దాం. 2019-21లో జరిగిన ఎన్ఎఫ్‌హెచ్‌ఎస్-5 సర్వే ప్రకారం, అంతకుముందు ఐదేళ్ల కాన్పుల్లో దేశం మొత్తం మీద సిజేరియన్లు 21.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. తెలంగాణలో 60.7. తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రులు మాత్రమే తీసుకుంటే 81.5. జనాభా మొత్తంగా చూస్తే ఈ రేటు 10 శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు ఇంకా తగ్గినట్టు కనిపించదని డబ్ల్యూహెచ్‌ఓ 2015లో చెప్పింది.

మరి దీన్ని మార్చగలిగేది ఎవరు? ప్రభుత్వం, మెడికల్ కౌన్సిల్ అంటాం. కానీ మనం పెద్దగా పట్టించుకోని సంస్థ ఒకటుంది. ఫాగ్సీ. దేశంలోని గైనకాలజిస్టుల సొసైటీల సమాఖ్య. 1950లో మద్రాసులో పుట్టింది. ఇప్పుడు రెండు వందలకు పైగా ఊళ్ల సొసైటీలు, నలభై వేలకు పైగా డాక్టర్లు ఇందులో ఉన్నారు. 2021లో మన హైదరాబాద్ డాక్టర్ శాంతకుమారి గారు దీనికి ప్రెసిడెంట్‌గా చేశారు.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. ఒకటి, ఫాగ్సీకి ఎవరి లైసెన్సూ తీసేసే అధికారం లేదు. దాని మాట వినడం, వినకపోవడం మెంబర్ల ఇష్టం. రెండు, ప్రెసిడెంట్ పదవీకాలం ఒక్క ఏడాది. కొత్త ప్రెసిడెంట్, కొత్త థీమ్. అది జనాల్లోకి వెళ్లేలోపు కుర్చీ మారిపోతుంది.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు మాకు ఆన్‌కాల్ డ్యూటీ ఉండేది. వారానికొకరు. వచ్చినవాడల్లా కొత్త డ్యాష్‌బోర్డు కట్టేవాడు, పాత బగ్ అలాగే ఉండేది. ఎందుకంటే వారంలో చూపించుకోవడానికి డ్యాష్‌బోర్డు బాగుంటుంది, బగ్‌కి ఆర్నెల్లు పడుతుంది. చివరికి మమ్మల్ని కాపాడింది హ్యాండోవర్ నోట్. ఎవరు డ్యూటీలో ఉన్నా లెక్క మాత్రం ఒకటే.

ఫాగ్సీని భవిష్యత్తులోకి నడిపించడం అంటే నా దృష్టిలో అదే. కొత్త థీమ్ కాదు, పదేళ్లు ఆగకుండా నడిచే ఒక లెక్క. ఆ లెక్కకి పద్ధతి కూడా రెడీగా ఉంది, పేరు రాబ్సన్ క్లాసిఫికేషన్. మొదటి కాన్పా కాదా, ముందు సిజేరియన్ అయిందా, ఒక బిడ్డా కవలలా, తల కిందికి ఉందా, నెలలు నిండాయా, నొప్పులు వాటంతటవే వచ్చాయా. ఈ ప్రశ్నలతో ప్రతి తల్లీ పది గ్రూపుల్లో ఒకదాంట్లో పడుతుంది. అక్క మొదటిసారి గ్రూప్ 1, రెండోసారి గ్రూప్ 5. గ్రూప్ 1లో చేసిన ప్రతి ఆపరేషనూ తర్వాతి కాన్పుని గ్రూప్ 5లోకి నెడుతుంది. అందుకే "60 శాతం" అని అరిచి లాభం లేదు, గ్రూప్ 1లో ఎంత అని అడగాలి. మెడికల్ కాలేజీల్లో పీజీలు దీని మీద థీసిస్‌లు రాస్తూనే ఉన్నారు. అది వీధి చివర నర్సింగ్ హోమ్‌కి చేరాలి. అక్కడికి తీసుకెళ్లగలిగేది ఆ ఊరి సొసైటీయే.

"లెక్కలు బయటపెడితే మమ్మల్ని కొడతారు" అని డాక్టర్లు అంటే, ఆ భయం ఉత్తుత్తిది కాదండి. 2022 మార్చిలో రాజస్థాన్‌లోని లాల్‌సోట్‌లో కాన్పు తర్వాత రక్తస్రావంతో ఒక తల్లి చనిపోతే, డాక్టర్ మీద హత్య కేసు పెట్టారు. ఆ డాక్టరమ్మ ఆత్మహత్య చేసుకుంది. అలాంటి వాతావరణంలో ఎవరైనా ఆపరేషన్ వైపే మొగ్గుతారు. కాబట్టి మొదట్లో పేర్లు లేకుండా లెక్క తీయాలి. మీ గ్రూప్ 1 ఇంత, మీ ఊరి సగటు ఇంత అని ఆ డాక్టర్‌కి మాత్రమే పంపాలి. తోటివాళ్లతో పోల్చి చూసుకున్నప్పుడు వచ్చే ఆలోచన నోటీసుతో రాదు.

ఇంకోటి, టైమ్. మొదటి కాన్పుకి పన్నెండు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఒకే డాక్టర్ ఉన్న నర్సింగ్ హోమ్‌లో అంతసేపు పక్కన ఎవరు కూర్చుంటారు? మిడ్‌వైఫ్ కూర్చోవాలి. తెలంగాణ 2017లోనే కరీంనగర్‌లో ఆ ట్రైనింగ్ మొదలుపెట్టింది. డాక్టర్ల సంఘమే ముందుకొచ్చి "వీళ్లు మాకు పోటీ కాదు, మా టీమ్" అని చెబితే ఆ మాటకి వచ్చే బరువు వేరు.

ఏడాది పదవితో ఇదంతా అవుతుందా అంటే, అవుతుంది. ప్రైవేటు ప్రసూతి ఆస్పత్రుల కోసం ఫాగ్సీ పెట్టిన "మాన్యత" ఉంది కదా, 16 క్లినికల్ ప్రమాణాలతో. ప్రెసిడెంట్లు మారుతున్నా ఆగలేదు. ఈ లెక్కనీ అలాగే ఒకరి నుంచి ఒకరికి అప్పజెప్పాలి. మొదలుపెట్టిన ప్రెసిడెంట్‌కి ఫలితం చూసే అదృష్టం ఉండదు. పేరు ఇంకొకరికి వస్తుంది. అది తెలిసీ మొదలుపెట్టేవాళ్లే నా లెక్కలో లీడర్.

మన వంతు కూడా ఉందండి. మీ ఇంట్లో కాన్పు ఉంటే, ముహూర్తం అడిగే ముందు డాక్టర్‌గారిని మర్యాదగా ఒక్క మాట అడగండి: "మేడమ్, కారణం కాస్త వివరంగా రాస్తారా?" అక్క కాగితంలో ఆ ఒక్క లైన్ ఉండుంటే నాకు ఈ ఎపిసోడ్ అవసరం పడేది కాదు.

ఉంటాను మరి. వచ్చే వారం కలుద్దాం.