లెక్కప్రక్కన ఒక మాట

ములకలపల్లి రైతు తన పొలము రెండెకరముల ఇరువది గుంటలని చెప్పును. తెలంగాణ రికార్డులలో దానిని 2.20 అని వ్రాయుట కలదు. ఎకరమునకు 40 గుంటలు. కావున అది రెండున్నర ఎకరములు. సరిహద్దు దాటి ఆంధ్రప్రదేశ్‌లో 2.20 అనగా రెండెకరముల ఇరువది సెంట్లు. అచ్చట ఎకరమునకు 100 సెంట్లు. అంకె యొక్కటే, భూమిలో తేడా 12 గుంటలు.

ఇట్టి లెక్కలు నేడు కంప్యూటరు చేయుచున్నది. దానికి ప్రోగ్రాము వ్రాయువారు పనిని క్లాసులు, మెథడ్‌లుగా విభజించి, ఒక్కొక్కదానిపై కామెంటు అను వివరణ నుంతురు. ‘విస్తీర్ణమును లెక్కించును’ అనిన మెథడ్ పేరునే మరల పలికినట్లగును. ‘చుక్కకు కుడివైపు రెండంకెలు గుంటలు, 39 మించరాదు, మించినచో తప్పని తెలుపును, ఫలితము గుంటలలో నుండును’ అని వ్రాసినచో, రేపు దానిని వాడువారు పొరబడరు. క్లాసుపై నది ఏ రాష్ట్రపు కొలతకో చెప్పవలెను.

కాళిదాస కావ్యములకు వ్యాఖ్యలు రచించిన మన మల్లినాథసూరి, ఆధారము లేనిది వ్రాయననియు, అక్కరలేనిది చెప్పననియు నియమము పెట్టుకొనెను. మేము కోరునదియు నదియే. లెక్క మారిననాడు కామెంటును గూడ మార్చుడు. తప్పిపోవు 12 గుంటలు రైతువి.