పల్లె బడిలో శాస్త్రవిద్య

శాస్త్రములను తెలుగున అందింపవలెనని 1906లో కొమర్రాజు లక్ష్మణరావుగారు మిత్రులతో కలిసి హైదరాబాదున విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పిరి. పుస్తకము వచ్చినది, ప్రయోగ మింకను పల్లె బడికి చాలినంత రాలేదు.

జగిత్యాల చెంత పొలాసలో వ్యవసాయ పరిశోధనా స్థానము, కోరుట్లలో పశువైద్య కళాశాల యున్నవి. పిల్లలను ఒకపూట అచ్చటికి తోడుకొని పోవచ్చును. సిరిసిల్లలో అంతదూరము పోనక్కరలేదు, ఇంటి ప్రక్కనే మరమగ్గ మున్నది. మోటారు చిన్నచక్రము వడిగా తిరుగుచుండ, పట్టాతో దానికి తగిలించిన మగ్గపు పెద్దచక్రము మెల్లగ నేల తిరుగును? తండ్రి చేతికి తెలిసిన ఈ లెక్కయే కుమారుని పుస్తకములోను కలదు. ఆ రెంటికిని పరిచయము చేయువారు కావలెను.

గ్రంథాలయములును ఒక త్రాసు, ఒక భూతద్దము, ఒక ఉష్ణమాపకము చదువుబల్లపై నుంచవలెను, తాళము వేసిన బీరువాలో కాదు. పిల్లలు ముట్టుకొందురు, ఒకటి రెండు పగులును, పగులనిండు.