వివాహవేదికయు వీడియోయు



నిన్నటి ప్రసంగమున కన్యాదానమును గూర్చి కొంత ముచ్చటించుకొంటిమి. సభ ముగిసిన పిమ్మట ఒక గృహస్థు మా వద్దకు వచ్చి, “శాస్త్రిగారూ! మాఘమాసమున మా అమ్మాయి వివాహము. వీడియో తీయువారిని పిలువవచ్చునా, కూడదా? మీరెట్లు చెప్పిన నట్లే నడచుకొందును” అనిరి. ముప్పది యేండ్ల క్రిందటనైనచో ‘కూడదు’ అని అప్పటికప్పుడే చెప్పియుందుము. నిన్న అట్లు చెప్పలేకపోతిమి.

మొదట శాస్త్రము సంగతి చూతము. తెలుగునాట కృష్ణయజుర్వేదీయులలో అధికులు ఆపస్తంబ సూత్రానుయాయులు. వివాహమందలి ఆచారములను స్త్రీలవలన తెలిసికొనవలెనని ఆ సూత్రకారుడే విధించినాడు. మీరు ప్రాణముగా చూచుకొను మంగళసూత్రధారణము గృహ్యసూత్రములలో లేదు. ఆచారముగా వచ్చి వేదికపై నిలిచినది. కావున గ్రంథమున లేదు గనుక కూడదనుట సరియైన వాదము కాదు. వచ్చిన క్రొత్తది కర్మకు అడ్డు తగులుచున్నదా అనునదే మనము విచారింపవలసినది.

అడ్డు తగులుచున్నది; ఆ మాట దాచనక్కరలేదు. ఒక లగ్నము సుమారు 2 గంటలు. అందు తొమ్మిదవ భాగమైన నవాంశ సుమారు 13 నిమిషములు. దైవజ్ఞులు కన్యాదాతతో నాలుగుమార్లు కూర్చుండి, తారాబలము చంద్రబలము చూచి, ఏరి ఏరి పుష్కరాంశ పెట్టుదురు. తీరా ఆ వేళకు వీడియో అబ్బాయి, “పంతులుగారూ, ఒక్క నిమిషము, లైటు సరిగా లేదు” అనును. అట్టి ఒక్క నిమిషములు నాలుగైదు కూడినచో నవాంశలో మిగులునది ఎంత?

తెర సంగతియు నట్టిదే. వధూవరుల నడుమ తెర పట్టుట వారి ప్రథమ వీక్షణము సుముహూర్తముననే జరుగుటకు. జీలకర్ర బెల్లము శిరస్సుపై నుంచునప్పుడే తెర తొలగవలెను. “ఇద్దరి ముఖములును పడవలెను, తెర కొంచెము దింపండి” అని ముందే దింపించువారిని మేము చూచితిమి. (వివాహమునకు ముందే ఇరువురిని ఏ సముద్రతీరమునకో తీసికొనిపోయి చిత్రములు తీయుచున్నారు గదా, ఇక తెర దేనికని మీరడుగవచ్చును. ఆ ప్రసక్తి మరియొకనాడు.)

గోదావరి తీరమున ఒక కల్యాణమండపములో మేము ఆధ్వర్యవము వహించిన వివాహమొకటి మరపునకు రాదు. పెండ్లికుమార్తె మాతామహి ఎనుబది యేండ్ల వృద్ధురాలు. చూపు మందగించినది గనుక ముందు వరుసలో కుర్చీ వేయించినారు. మాంగల్యధారణ సమయమున దీపముల వారును కెమెరాల వారును వేదిక చుట్టును గోడ కట్టినట్లు నిలిచిరి. మూడు ముళ్లును పడినవి, మేళము ఆగినది. ఆమె ప్రక్కవారితో, “కట్టినాడా నాయనా?” అని అడుగుట మాకు వినబడినది. ఆ పిమ్మట వరునిచేత మరల సూత్రము పట్టించి, కట్టుచున్నట్లు అభినయింపజేసిరి. ఆ అభినయమును వారించకపోవుట మా దోషమే.

కెమెరా ఉన్నంత మాత్రమున ఇట్లు జరుగవలెనా? తిరుమలలో శ్రీవారి కల్యాణోత్సవమును శ్రీ వేంకటేశ్వర భక్తి ఛానల్ ప్రసారము చేయుచున్నది. ఇండ్లలో కూర్చుండి చూచి చేతులు జోడించుచున్నాము. అచ్చట కెమెరా అర్చకుని కొరకు వేచియుండును గాని, అర్చకుడు కెమెరా కొరకు వేచియుండడు. అంతకు పూర్వము భద్రాచల సీతారామ కల్యాణమునకు ఉషశ్రీగారు ఆకాశవాణిలో వ్యాఖ్యానము చెప్పుచుండగా, కన్నులు మూసికొనియే తలంబ్రాలు చూచిన తరము మాది. యంత్రమువలన భక్తి తరిగినదని మేమెట్లు అనగలము?

ఇక మా ఇంటి మాట. 1996లో మా కుమార్తె వివాహము. వియ్యంకులు వీడియో కావలెననిరి. మేము ససేమిరా అంటిమి. మా మాటయే నెగ్గినది. అప్పగింతల వేళ మా గృహిణి, తన తల్లివలన నేర్చిన పాట పాడినది. సీతమ్మను అత్తవారింటికి పంపు పాట అది, ఐదు చరణములు. నాలుగవ చరణమున గొంతు పూడుకొనిపోగా, ఆగి, కన్నులు తుడుచుకొని, పూర్తి చేసినది. 2001లో ఆమె స్వర్గస్థురాలైనది. సంవత్సరీకములు ముగిసిన పిమ్మట మా అమ్మాయి వచ్చి, “నాన్నగారూ, అమ్మ గొంతు ఎక్కడనైనను ఉన్నదా?” అని అడిగినది. ఎక్కడను లేదు. ఆచారములు స్త్రీలవలన తెలిసికొనవలెనని పాఠము చెప్పిన మేమే, మా ఇంటి స్త్రీ గొంతును నిలువనీయలేదు.

కనుక ఆ గృహస్థునకు మేము చెప్పునది ఇది. పిలువుడు, కాని ముందుగా పిలిచి మాట్లాడుడు. ముహూర్తమునకు పది దినములకు ముందే వీడియో తీయువారిని పురోహితునితో కూర్చుండబెట్టి, స్నాతకము మొదలు నాగవల్లి వరకు ఏ కర్మ తరువాత ఏది, ఎవరెచ్చట కూర్చుందురో చెప్పించుడు. అగ్నికిని దంపతులకును నడుమ ఎవరును నడువరాదు. పాదరక్షలతో వేదిక ఎక్కరాదు. దీపముల తీగెలు హోమగుండము దరిని ఉండరాదు. పట్టుచీరల నడుమ అది అపాయము కూడ. ముందు వరుసలోని పెద్దలకు అడ్డు నిలువరాదు. ‘మరియొకసారి’ అను మాట వేదికపై వినబడరాదు. పగటి వివాహములలో అరుంధతీదర్శనమునకు, “వ్రేలు ఇటు చూపండి, అటు కాదు” అని దిద్దువారిని చూచి మేము నవ్వుకొందుము. పగటివేళ సప్తర్షిమండలము ఏ కెమెరాకు చిక్కును?

పురోహితుని ఉత్తరీయమునకు చిన్న మైకు తగిలింపుమనుడు. ఏలయన, తుదకు మీకిచ్చు చిత్రములో మంత్రములు తీసివైచి సినిమా పాటలు పెట్టుచున్నారు. సప్తపదిలో ఏడడుగులకును ఏడు మంత్రములు. అడుగులు కనబడి మంత్రము వినబడకున్న అది ఉత్త నడక. పాటలతో కూర్చిన చిన్న చిత్రము కావలసినచో చేయించుకొనుడు గాని, తీసినదంతయు యథాతథముగా ఇవ్వవలెనని ముందే కాగితముపై వ్రాయించుకొనుడు. ఎందరు వచ్చెదరు, ఏనాటికిచ్చెదరు, బయానా ఎంత అనునవియు అందే ఉండవలెను. వచ్చిన ప్రతిని రెండుగా చేసి రెండిండ్లలో నుంచుడు. 1990ల నాటి క్యాసెట్టులు ఎన్నియో బీరువాలలో బూజు పట్టినవి. బాగున్నవానికిని చూపు యంత్రము దొరకుట కష్టము; వానిని చేయుచుండిన చివరి జపాను సంస్థ 2016లో తయారీ ఆపివేసినది.

ఒక మాట మరచితిమి. వారిని కడపటి పంక్తికి విడువకుడు. తెల్లవారుజామున వచ్చి నిలిచినవారు. మన ఇంటికి వచ్చిన అతిథులే.

2022లో మా మనుమరాలి వివాహమునకు ఈ విధముగనే ఏర్పాటు చేసితిమి. వచ్చిన పిల్లవాడు చెప్పులు మెట్ల క్రిందనే విడిచి, మేము చూపిన చోటనే నిలిచినాడు. అప్పగింతల వేళ మా అమ్మాయి తన తల్లి పాట ఎత్తుకొని, రెండు చరణములు పాడి, ఆగిపోయినది. వెనుక వరుసనుండి మా మరదలు మూడవ చరణము అందుకొన్నది. ఎవరును చెప్పకయే ఆ పిల్లవాడు దీపము తగ్గించి, కదలక నిలిచి, అంతయు తీసినాడు. ఆ మూడు చరణములును ఇప్పుడు మా ఇంట ఉన్నవి. తక్కిన రెండును మా మరదలికిని గుర్తు లేవు. సీతమ్మ అప్పగింతల పాటలు తెలిసిన పెద్ద ముత్తైదువులు ఈ సభలో ఉన్నచో, ప్రసాద వినియోగానంతరము మాకొకసారి వినిపింప ప్రార్థన. మా అమ్మాయి వ్రాసికొనుటకు పుస్తకము తెచ్చుకొన్నది.