గండిలో బంగారు తోరణము

పాపఘ్ని కొండను చీల్చుకొని పారు గండిలో, మరణ మాసన్నమైనవారికే కానవచ్చు బంగారు తోరణ మొకటి గలదని కడప సీమలో చెప్పుదురు. మదరాసు గవర్నరు సర్ తామస్ మన్రో దానిని జూచెనట. వెంటనున్నవారి కది కానరాలేదట. తోరణము మాట నమ్మువారు నమ్ముదురు గాక. స్వదేశమునకు మరలుటకు ముందు దత్తమండలములను కడసారి జూడవచ్చిన ఆయన, 1827 జూలై 6న పత్తికొండలో వాంతిభేది తగిలి నాడే మరణించుట మాత్రము నిజము.

నాకు వింతగా తోచునది వేరొకటి. శిస్తు కట్టించుకొనిన ఆ దొర పేరే రైతులు తమ బిడ్డలకు మన్రోలప్ప యని పెట్టుకొనిరి! ఆయన కలెక్టరుగా నుండి, శిస్తు రూపాయికి నాలుగణాలు తగ్గింపవలెనని 1807లో పైవారికి వ్రాసెను. అప్పు డది సాగలేదు. గవర్నరై వచ్చిన పిమ్మట 1820లో ఆ తగ్గింపు తానే జరిపించెను. పదమూడేండ్లనాటి తన వ్రాత నాయన మరువలేదు.