వృద్ధుల సేవ: ఇంటి బాధ్యత, బస్తీ బాధ్యత

సమస్త ప్రశంసలకు అర్హుడు అల్లాహ్ మాత్రమే. బలహీనులుగా పుట్టిన మనకు బలాన్ని ప్రసాదించినవాడు ఆయనే. ఆ బలాన్ని వార్ధక్యంలో తిరిగి తీసుకునేవాడూ ఆయనే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతీ శుభాలూ వర్షించుగాక!

ప్రియమైన సోదర సోదరీమణులారా!

దివ్య ఖుర్ఆన్‌లోని బనీ ఇస్రాయీల్ సూరా 23, 24 ఆయతులను మనం ఎన్నోసార్లు విన్నాము. అల్లాహ్ తన ఆరాధన గురించి ఆదేశించిన వెంటనే తల్లిదండ్రుల పట్ల సద్వర్తనను ఆదేశించాడు. వారు ముదిమికి చేరినప్పుడు విసుగుతో 'ఉఫ్' అని కూడా అనరాదన్నాడు. ఆ ఆయతులో ఒక చిన్న మాట ఉంది. వారు 'నీ వద్ద' వృద్ధాప్యానికి చేరితే అన్నది ఆ మాట. అంటే వృద్ధులు ఉండవలసిన చోటు ఏదో ఆ మాటలోనే సూచన ఉంది. అది సంతానం కనుచూపు మేర, ఇంటి నీడ.

అయితే నేడు ఆ ఇంటి నీడలో ఏం జరుగుతున్నదో మనం నిజాయితీగా చూడాలి. కుమారుడు దుబాయిలోనో, రియాద్‌లోనో, హైదరాబాదులోనో ఉంటాడు. నెలనెలా డబ్బు పంపుతాడు. ఆ డబ్బు మందులు కొనగలదు కాని, మంచం పట్టిన తండ్రిని పక్కకు తిప్పలేదు. కదలలేని మనిషిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పకపోతే ఒంటిపై పుండ్లు పడతాయి. పడుకోబెట్టి అన్నం తినిపిస్తే మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది. తడిసిన బట్ట సమయానికి మార్చకపోతే ఆ మనిషికి నమాజుకు కావలసిన శుభ్రత కూడా దూరమవుతుంది. వుజూ చేయలేనివారికి తయమ్ముమ్, నిలబడలేనివారికి కూర్చుని, కూర్చోలేనివారికి పడుకుని నమాజు చేసే వెసులుబాటును ధర్మం ఇచ్చింది. ఆ వెసులుబాటును వారికి అందించే చేయి మాత్రం మనిషిదే కావాలి.

ఆ చేయి ఎవరిది? చాలా ఇళ్లలో కోడలిది. తల్లిదండ్రుల సేవ పుణ్యం కుమారునిదని మనం చెబుతాము. రాత్రి మూడుసార్లు లేచేది మాత్రం ఆమె. అత్తమామల సేవ కోడలిపై ధర్మశాస్త్రరీత్యా విధి కాదని, అది ఆమె చేసే ఉపకారమని అనేకమంది ధర్మవేత్తలు స్పష్టం చేశారు. విధి సంతానానిది. ఉపకారాన్ని హక్కుగా లాక్కోవడం న్యాయం కాదు. సేవ చేస్తున్న ఆమె నడుము నొప్పిని, ఆమె నిద్రలేమిని ఎవరూ అడగని ఇంట్లో ఆ సేవ ఎంతకాలం దయగా మిగులుతుంది? అలసిన నోటి నుండి ఏదో ఒకరోజు ఆ 'ఉఫ్' వెలువడకుండా ఉంటుందా? కనుక వృద్ధుల గౌరవాన్ని కాపాడాలంటే వారికి సేవ చేసేవారిని కూడా కాపాడాలి.

సోదరులారా! ఇక్కడ కొందరికి ఒక సందేహం కలుగుతుంది. నర్సును ఇంటికి పిలవడం, వేతనమిచ్చి సహాయకురాలిని పెట్టుకోవడం, బస్తీ అంతా కలిసి ఏర్పాటు చేసుకోవడం మన బాధ్యతను ఇతరులపైకి నెట్టడం కాదా? ఇది కొత్త పోకడ కాదా? ఆరాధనలలో కొత్తవి కల్పించరాదన్నది నిజమే. కాని ఖర్జూర చెట్ల పరాగ సంపర్కం విషయంలో ప్రవక్త (స) మదీనా రైతుల అనుభవానికే విలువనిచ్చి, ఇటువంటి ప్రాపంచిక వ్యవహారాలను వారి తెలివిడికే వదిలారు. బాధ్యతను వదిలించుకోవడం వేరు, దాన్ని సక్రమంగా నెరవేర్చడానికి మంచి పద్ధతిని వెతకడం వేరు.

మన పూర్వీకులే ఇందుకు నిదర్శనం. మదీనా శివార్లలో ఒక అంధ వృద్ధురాలు ఉండేదని, ఆమె ఇంటి పనులు చేయడానికి హజ్రత్ ఉమర్ (రజి) వెళ్లినప్పుడల్లా ఎవరో ముందే వచ్చి చేసి వెళ్తున్నారని, చివరికి ఆ మనిషి ఖలీఫా అబూబక్ర్ (రజి) అని తేలిందని చరిత్రకారులు నమోదు చేశారు. ఆమె వారికి తల్లి కాదు, బంధువూ కాదు. తదుపరి ఉమర్ (రజి) తన పాలనాకాలంలో యాచిస్తున్న ఒక అంధ యూద వృద్ధుణ్ణి చూసి, తన ఇంటి నుండి కొంత ఇచ్చి, అంతటితో ఆగక బైతుల్‌మాల్ నుండి అతనికి, అతనివంటి వారికి సహాయం అందేలా ఆదేశించారు. ఇమామ్ అబూ యూసుఫ్ తన 'కితాబుల్ ఖరాజ్'లో దీన్ని పేర్కొన్నారు. గమనించండి! మొదటి ఉదంతంలో వ్యక్తి దయ ఉంది. రెండవదానిలో ఆ దయ ఒక ఏర్పాటుగా మారింది. సంస్కరణ అంటే అదే.

ఈ కాలంలో అటువంటి ఏర్పాటును చూడటానికి దూరదేశాలకు పోనక్కరలేదు. పొరుగున ఉన్న కేరళను చూడండి. 1993లో కోళికోడ్ వైద్య కళాశాలలో కొందరు వైద్యులు నయంకాని జబ్బులతో బాధపడేవారికి ఉపశమనం కలిగించే సంస్థను ప్రారంభించారు. రోగి ఆసుపత్రికి రాలేడని, ఆసుపత్రే రోగి ఇంటికి వెళ్లాలని వారికి త్వరలోనే అర్థమైంది. ఆ దశకం చివరినాటికి మలప్పురం జిల్లాలో ఈ సేవ ప్రజల చేతికి వచ్చింది. విద్యార్థులు, దుకాణదారులు, డ్రైవర్లు, గృహిణులు కొద్దిపాటి శిక్షణ పొంది, తమ వీధిలో మంచం పట్టినవారు ఎవరో గుర్తించసాగారు. వారి వెంట నర్సు, అవసరమైతే డాక్టరు వెళ్లేవారు. ఖర్చులో అధికభాగం ఊరివారి చిన్నచిన్న విరాళాల నుండే వచ్చింది. 2008లో కేరళ ప్రభుత్వం దీనికై ఒక విధానాన్నే ప్రకటించింది. క్రమంగా పంచాయతీల ద్వారా నర్సులు ఇళ్లకు వెళ్లసాగారు. ముందు ప్రజలు కదిలారు, ఆపై ప్రభుత్వం కలిసింది.

మన ప్రాంతంలో కూడా పునాది లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో పింఛను ప్రతినెలా వృద్ధుల ఇంటి గుమ్మం వద్దకే వస్తున్నది. తెలంగాణలో జిల్లాలలోని ఉపశమన వైద్య కేంద్రాల బృందాలు రోగుల ఇళ్లకు వెళ్తున్నాయి. 70 ఏళ్లు నిండినవారికి ఏటా 5 లక్షల రూపాయల వరకు వైద్య రక్షణను కేంద్ర ప్రభుత్వం 2024లో ప్రారంభించింది. కాని అది ముఖ్యంగా ఆసుపత్రిలో చేరినవారికి. ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చాక మొదలయ్యే దీర్ఘకాల సేవ ఎవరి లెక్కలోనూ పూర్తిగా లేదు. డబ్బు గుమ్మం దాకా రాగలిగినప్పుడు నర్సు ఎందుకు రాకూడదు? ఈ ప్రశ్నను మన ప్రజాప్రతినిధులను అడగడం కూడా ధర్మకార్యమే.

ఇక వేతనం తీసుకుని ఇంట్లో సేవ చేసే సోదరీమణుల మాట. పగలూ రాత్రీ వృద్ధుని వద్ద ఉండే ఆమెకు నిద్రకు సమయమివ్వాలి. వారానికొక సెలవు ఇవ్వాలి. మనం తినేదే పెట్టాలి. శ్రామికుని చెమట ఆరకముందే వేతనం చెల్లించాలన్న ప్రవక్త (స) బోధ ఆమెకూ వర్తిస్తుంది. ఏజెన్సీ ద్వారా వస్తే, మనమిచ్చే సొమ్ములో ఆమె చేతికి ఎంత చేరుతున్నదో అడిగి తెలుసుకోవాలి. అన్యాయమైన వేతనంతో చేయించుకున్న సేవలో శుభం ఆశించలేము.

ఒక విషయాన్ని మరువరాదు. సొంత తల్లిదండ్రులకు జకాత్ సొమ్ము ఇవ్వరాదు. ఎందుకంటే వారి పోషణ దానం కాదు, సంతానంపై రుణం. కాని ఎవరూ లేని నిరుపేద వృద్ధులకు జకాత్ చేరవలసిందే, సదఖాతో పొరుగు వృద్ధులందరినీ, మతభేదం లేకుండా ఆదుకోవలసిందే.

కనుక సోదర సోదరీమణులారా! ఈ శుక్రవారం మనం మూడు పనులు సంకల్పిద్దాం. మన మొహల్లాలో మంచం పట్టినవారు, ఒంటరిగా ఉన్న వృద్ధులు ఎవరో ఒక జాబితా తయారు చేద్దాం. మస్జిద్ కమిటీ తరఫున ఒక నర్సు చేత యువతీయువకులకు పక్క తిప్పడం, తినిపించడం, శుభ్రపరచడం నేర్పిద్దాం. వారానికి రెండు పూటలు ఎవరైనా వెళ్లి కూర్చుంటే, ఆ రెండు పూటలు ఆ ఇంటి కోడలో, కూతురో నిశ్చింతగా నిద్రపోగలదు. ఆ నిద్రకు కూడా అల్లాహ్ వద్ద ప్రతిఫలం ఉంటుందని ఆశిద్దాం. ఇక కుమారులారా! ఎంత దూరాన ఉన్నా ఈ సాయంత్రం ఇంటికి ఫోను చేయండి. అమ్మ ఎలా ఉందని అడగండి. ఆ వెంటనే, అమ్మను చూసుకుంటున్నవారు ఎలా ఉన్నారని కూడా అడగండి.

ఓ అల్లాహ్! మమ్మల్ని పెంచిన చేతులు వణుకుతున్న వేళ మా చేతులకు ఓర్పునివ్వు. సేవ చేసేవారి భారాన్ని పంచుకునే బుద్ధిని మాకు ప్రసాదించు. ఎవరూ లేనివారికి మమ్మల్ని తోడుగా చేయి. మా వార్ధక్యాన్ని అవమానం నుండి కాపాడు. ఆమీన్.