ఒకసారి తనిఖీ అయింది కదా, మళ్ళీ ఎందుకు?

(ఉమ్రాకు, గల్ఫ్ ఉద్యోగాలకు వెళ్ళేవారి కోసం మన సంస్థ ఏర్పాటు చేసిన అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉమ్రా విధుల గురించి మౌలానా గారు చక్కగా వివరించారు. విమానాశ్రయం గురించి చెప్పే పని నాకు అప్పగించారు. ఇది చిన్న విషయమే అనిపించవచ్చు. కానీ దీన్ని సరిగా చెప్పకపోవడం వల్ల నా చేతుల మీదుగా ఒక పెద్దావిడకు బాధ కలిగింది. ముందు అది చెప్పి, తర్వాత అసలు సంగతికి వస్తాను.

కొన్నేళ్ళ క్రితం ఒక బృందాన్ని ఉమ్రాకు తీసుకువెళ్ళాను. తిరుగు ప్రయాణం జిద్దా నుంచి ముంబై, అక్కడ విమానం మారి హైదరాబాద్. ముంబైలో పాస్‌పోర్టు ముద్ర, కస్టమ్స్ అయ్యాయి. సామాను, జమ్‌జమ్ పెట్టెలు చేతికి వచ్చాయి. అందరూ అలసిపోయారు. "ఇక తనిఖీలన్నీ అయిపోయినట్టే" అని నేను ధైర్యం చెప్పాను. మా బృందంలో ఒక ఖాలా ఉన్నారు. ఇంటి దగ్గర భర్త మంచం మీద ఉన్నారు. పెట్టె దారిలో పోతే ఎలా అని ఆమె పెట్టె విప్పి, అర లీటరు సీసాలో జమ్‌జమ్ నింపి చేతిసంచిలో పెట్టుకున్నారు. పెట్టెకు మళ్ళీ టేపు వేసి సామానుతో పంపేశాం. హైదరాబాద్ విమానం కోసం లోపలికి వెళ్తుంటే మళ్ళీ తనిఖీ. సీసా ఆపేశారు.

ఆ జవాను మర్యాదగానే మాట్లాడాడు. "అమ్మా, ఇక్కడే తాగండి, లేదా వెనక్కి వెళ్ళి సామానులో వేయండి" అన్నాడు. సామాను అప్పటికే వెళ్ళిపోయింది. విమానానికి సమయం లేదు. ఖాలా పక్కన కూర్చుని కొంచెం తాగి, మిగిలింది మాకు తలా ఒక గుక్క ఇచ్చారు. పెట్టె క్షేమంగానే చేరింది, అల్‌హందులిల్లాహ్. కానీ హైదరాబాద్‌లో దిగాక ఆమె అన్న మాట నాకు గుర్తుండిపోయింది: "నీళ్ళకు కాదు బేటా, అయిపోయాయని నువ్వు చెప్పావనే పోసుకున్నాను."

తప్పు జవానుది కాదు, నాది. నియమం తెలియకుండా మాట ఇచ్చాను. ఆ తర్వాతే ఈ నియమాలు ఎందుకు పెట్టారో తెలుసుకున్నాను.

విమానాశ్రయంలో తనిఖీ దాటాక మనం కూర్చునే హాలును సెక్యూరిటీ హోల్డ్ ఏరియా అంటారు. అందులో ఉన్నవాళ్ళంతా ఒకే విధంగా తనిఖీ అయినవాళ్ళే అన్న నమ్మకం మీదే విమానం ఎగురుతుంది. దిగి వచ్చేవాళ్ళు ఎక్కడో, ఎవరో చేసిన తనిఖీ మీద వచ్చినవాళ్ళు. పైగా సామాను చేతికి తీసుకున్నాక అందులోంచి ఏదైనా చేతిసంచిలోకి మారవచ్చు, మా ఖాలా చేసినట్టే. ఆమె పోసుకున్నవి నీళ్ళే. ఇంకొకరు పోసేది ఏమిటో ఎవరికి తెలుసు? అందుకే దిగేవారికి ఒక దారి, ఎక్కేవారికి ఒక దారి. ఇద్దరూ కలిస్తే హాలు ఖాళీ చేయించి, వెతికి, అందరినీ మళ్ళీ తనిఖీ చేయాలి. ఇది మన దేశం ఒక్కటే పెట్టుకున్నది కాదు. ప్రపంచ దేశాల పౌర విమానయాన సంస్థ 1974లో భద్రత కోసం 17వ అనుబంధాన్ని ఆమోదించింది. తనిఖీ అయినవారు, కానివారు కలవకూడదన్న సూత్రం అందులో ఉంది.

దీని వెనుక ప్రాణాలు పోయిన సంఘటనలున్నాయి. 1987 నవంబరు 29న బాగ్దాద్‌లో బయలుదేరిన కొరియన్ విమానం అబూదబీలో ఆగింది. ఇద్దరు ప్రయాణికులు పై అరలో సంచి వదిలి అక్కడ దిగిపోయారు. అందులో బాంబు ఉంది. విమానం అండమాన్ సముద్రం మీద పేలిపోయి 115 మంది చనిపోయారు. వారిలో చాలామంది మన గల్ఫ్ సోదరుల్లాగే అరబ్బు దేశాల్లో కూలి పని చేసి ఇంటికి వెళ్తున్నవారు. మధ్యలో విమానం ఆగినప్పుడు 'మీ సంచి ఏది?' అని సిబ్బంది అడిగితే విసుక్కోకండి. ఇక ద్రవాలకు 100 మిల్లీలీటర్ల పరిమితి 2006 ఆగస్టులో లండన్‌లో బయటపడ్డ కుట్ర తర్వాత వచ్చింది.

ఇప్పుడు గుర్తుపెట్టుకోవలసినవి చెబుతాను.

మొదటిది. విదేశం నుంచి వచ్చి మన దేశంలో విమానం మారితే సాధారణంగా మొదట దిగిన ఊళ్ళోనే ఇమ్మిగ్రేషన్, సామాను తీసుకోవడం, కస్టమ్స్, మళ్ళీ సామాను అప్పగించడం, మళ్ళీ భద్రతా తనిఖీ ఉంటాయి. రెండు విమానాల మధ్య తగినంత సమయం ఉండేలా టికెట్ తీసుకోండి.

రెండోది. జమ్‌జమ్ పెట్టెను విప్పకండి. ఎలా ఇచ్చారో అలాగే రెండో విమానం కౌంటరులో అప్పగించండి. అత్తరు పెద్ద సీసాలైనా, తేనె అయినా ఇదే పద్ధతి.

మూడోది. బయటికి వచ్చే తలుపు దాటాక వెనక్కి తిరగకండి. ఫోను సీటులో మరిచిపోయినా పరుగెత్తకండి. అక్కడే ఉన్న విమాన సిబ్బందికి చెప్పండి. ఒక్కరు వెనక్కి వెళ్తే వందలమంది ప్రయాణం ఆగిపోవచ్చు.

నాలుగోది యువకులు బాగా వినాలి. దిగిన చోట, మరుగుదొడ్డి దగ్గర, "భాయ్, ఈ పొట్లం కొంచెం తీసుకెళ్ళు, బయట మా తమ్ముడు ఉంటాడు" అని ఎవరైనా అడిగితే ఒప్పుకోకండి. విదేశం నుంచి వచ్చినవారు దేశీయ ప్రయాణికుల చేతికి బంగారం మార్చే పద్ధతి ఉంది. దారులు వేరు చేయడానికి అదీ ఒక కారణం. పట్టుబడితే అది ఎవరి చేతిలో ఉంటే వారే జవాబు చెప్పాలి. అమానత్ మోయడం మంచి పనే. కానీ లోపల ఏముందో తెలియనిది అమానత్ కాదు, ఆపద.

చివరగా, మన బృందాలకు నాయకత్వం వహించే సోదరులకు ఒక మనవి. తెలియనిది "తెలియదు, అడిగి చెబుతాను" అనండి. అలసిన పెద్దవాళ్ళు మన మాటనే పట్టుకుని నడుస్తారు.

అల్లాహ్ మీ ప్రయాణాలను సులభం చేయుగాక, క్షేమంగా ఇంటికి చేర్చుగాక. ఆమీన్. వస్సలాం.